ఒకటో తారీఖు ఎరగని లెక్క

అల్లుడు: మామయ్యా, పందెం కాయడం తప్పా ఒప్పా అనే చర్చ మనకొద్దు. ఇంగ్లండులో అది చట్టబద్ధం. గెలిచిన సొమ్ము మీద పైసా పన్ను లేదు. రెండు సీజన్లుగా ఫుట్‌బాల్ మీద కాస్తున్నాను, ప్రతి పందెమూ రాసిపెట్టాను. ఇంటిఖర్చుతో సంబంధం లేని ఇరవై వేల పౌండ్లు విడి ఖాతాలో ఉన్నాయి. పర్మినెంట్ రెసిడెన్సీ వచ్చేసింది, వీసా బెంగ లేదు. ఉద్యోగం మానేసి దీనిమీద బతకొచ్చా? అంతే నా ప్రశ్న.

మామ: ఆడొచ్చా అని అడిగి ఉంటే ఈపాటికి సరేననేసేవాణ్ణి. బతకొచ్చా అన్నావు, అక్కడ ఆగాను. జీవితమంతా జనం పద్దులు చూసినవాణ్ణి, లాభం వేరు రాబడి వేరు. ఇంతకీ పన్ను లేదని మురిసిపోతున్నావు గాని, ఎందుకు లేదో చూశావా? 1925లో అక్కడ గ్రాహం వర్సెస్ గ్రీన్ అని ఒక కేసు. ఒకాయన గుర్రప్పందేల మీదే బతికాడు. ఇంట్లో కూర్చునే కాసేవాడు. ఇది నీ వ్యాపారమేగా, పన్ను కట్టమంది సర్కారు. జడ్జి రౌలట్ కుదరదన్నాడు. మన జలియన్‌వాలా బాగ్ రోజుల నాటి రౌలట్ చట్టం ఉంది చూడు, ఆ రౌలటే. ఎంత నేర్పుగా కాసినా, ఎంత అలవాటుగా కాసినా, పందెం కాసేవాడిది వ్యాపారం కిందికి రాదన్నాడు. నీకు పన్ను మినహాయింపు ఇచ్చింది ఆ తీర్పే. నీది వృత్తి కాదని చెప్పిందీ అదే. రేపు ఇంటి లోనుకి వెళితే బ్యాంకువాడు ఏ కాగితం అడుగుతాడు?

అల్లుడు: లోను కష్టమే, ఒప్పుకుంటాను. కాని ఆ తీర్పులో నాకు పనికొచ్చే సాక్ష్యమూ ఉంది. నూరేళ్ల కిందటే ఒక మనిషి దీనిమీద బతికాడు. పన్ను అడగడానికి సర్కారు గుమ్మంలోకి వచ్చేంత బాగా బతికాడు.

మామ: ఆయన ఏ లెక్కన బతికాడో మనకి తెలీదు. నీ లెక్క చెప్పు.

అల్లుడు: డ్రా ఊసు లేకుండా రెండు వైపులే ఉండే హ్యాండిక్యాప్ పందేలు నావి. బుకీ రెండువైపులా 1.91 రేటు ఇచ్చాడనుకోండి. వంద పెట్టి గెలిస్తే నూట తొంభై ఒకటి తిరిగొస్తుంది. అంటే నూటికి యాభై రెండున్నర దాకా గెలిస్తే గాని అసలు నిలవదు. బొమ్మా బొరుసా వేసేవాడు అక్కడే మునుగుతాడు. నేను నాలుగైదు చోట్ల రేట్లు చూసి 1.95 దొరికినచోట కాస్తాను, యాభై మూడు దాకా గెలుస్తాను. పెట్టిన ప్రతి వందకీ మూడు పౌండ్లు మిగులు.

మామ: వందకి మూడు. కిరాణా కొట్టువాడు కూడా ఇంత తక్కువకి అమ్మడు.

అల్లుడు: కొట్టువాడి సరుకు నెలకి ఇన్నిసార్లు తిరగదు. నా మదుపు నెలలో మూడుసార్లకి పైగా తిరుగుతుంది. ఇక ఎంత కాయాలి అన్నది నా ఇష్టానికి వదిలేసింది కాదు. 1956లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ అనే ఆయన, టెలిఫోను తీగల్లో రొద మధ్య కబురు ఎంతవరకు చేరుతుందన్న లెక్కలోంచి ఒక సూత్రం తీశాడు. నీ మిగులెంత, రేటెంత అన్నది చెబితే, మదుపులో ఎన్నో వంతు కాయాలో అది చెబుతుంది. ఎడ్వర్డ్ థార్ప్ దాన్ని ముందు పేకాట బల్ల మీద, తర్వాత షేర్ మార్కెట్‌లో వాడి చూపించాడు. నా మిగులుకి సూత్రం చెప్పేది మదుపులో మూడు శాతం పైచిలుకు. నేను ఒక్క శాతమే కాస్తాను. ఇరవై వేలకి రెండు వందలు. మదుపు పెరిగితే పందెం పెరుగుతుంది, తరిగితే తరుగుతుంది. కోపం వచ్చిన రాత్రి రెట్టింపు కాసి పోయింది లాక్కుందాం అనే పని లేదు.

మామ: సూత్రం మూడంటే నువ్వు ఒకటి ఎందుకు కాస్తున్నావు?

అల్లుడు: సగం కాస్తే ఒడిదుడుకు సగానికి పడిపోతుంది, పెరుగుదల మాత్రం నాలుగింట మూడొంతులు దక్కుతుంది. ఆ బేరం బాగుందని అందరూ సగమో పావో కాస్తారు.

మామ: ఇంకో కారణం ఉంది, నువ్వు చెప్పకపోయినా. వందకి మూడు మిగులు అన్నది నీ అంచనా. నిజంగా ఒకటిన్నరే అయితే? మూడనుకుని సూత్రం చెప్పినంతా కాసినవాడు, ఉండాల్సినదానికి రెట్టింపు కాసినట్టు. రెట్టింపు కాసినవాడి మదుపు దీర్ఘకాలంలో పెరగడం ఆగిపోతుందని ఆ లెక్కే చెబుతుంది. నువ్వు మూడోవంతుకి దిగింది జాగ్రత్తతో. మంచిదే, తప్పు పట్టను. ఇప్పుడు నాకు కావలసిన అంకె చెప్పు. నెలకి ఇంటికి ఎంత కావాలి?

అల్లుడు: రెండు వేలు. అద్దె, కౌన్సిల్ ట్యాక్సు, కరెంటు, సరుకులు.

మామ: రెండు వందల పందానికి మూడు శాతమంటే ఆరు పౌండ్లు. రెండు వేలకి నెలకి మూడొందల ముప్పై పైచిలుకు పందేలు. రోజుకి పదకొండు. అన్నీ మిగులున్నవే దొరికాయనుకుందాం. సగటున రెండు వేలు వస్తాయి, సరే. అటూ ఇటూ ఊగేది ఎంత?

అల్లుడు: నెలకి మూడు వేల అయిదొందల దాకా.

మామ: రాబడి రెండు వేలు, ఊపు మూడున్నర వేలు. అంటే నువ్వు ఏ తప్పూ చేయకుండానే పది నెలల్లో మూడు నెలలు నష్టంతో ముగుస్తాయి.



అల్లుడు: ఏడాది తీసుకుంటే నష్టంతో ముగిసే అవకాశం నూటికి మూడుకి మించదు. నాలుగు వేల పందేలయ్యేసరికి ఆ ఊపంతా సర్దుకుంటుంది. నెల నెలా చూసి గుండె బాదుకోవడం తప్పు లెక్క.

మామ: మదుపులో చెయ్యి పెట్టనివాడికి అది నిజం. నువ్వు పెడతావు. మొదటి నెల పదిహేను వందలు పోయాయనుకో, నువ్వు చెప్పిన ఊపులో అది మామూలు సంగతే. ఒకటో తారీఖున రెండు వేలు తీశావు. మిగిలింది పదహారున్నర వేలు. నీ సూత్రం ప్రకారం పందెం నూట అరవై అయిదుకి దిగాలి. అవే మూడొందల ముప్పై పందేలకి ఇప్పుడు సగటు రాబడి పదహారు వందల చిల్లర. ఖర్చు రెండు వేలే. ఇకనుంచి నువ్వు బాగా ఆడిన నెలలో కూడా మదుపు కరుగుతుంది. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారే, నీది కష్టపడి తిన్నా కరిగే కొండ. కెల్లీ సూత్రం ఓడినప్పుడు తగ్గమంటుంది. ఇంటి ఓనరు తగ్గడు. ఆ సూత్రానికి ఒకటో తారీఖు అనేది తెలీదురా.

అల్లుడు: అందుకే ఇంటిఖర్చుకి ఏడాది సొమ్ము వేరే పెట్టుకోవాలంటారు ఇందులో ఉన్నవాళ్లు. మదుపు ముట్టుకోకుండా ఆ నిల్వలోంచి తినాలి, మదుపు ఒక గీత దాటినప్పుడే లాభం తీయాలి.

మామ: ఆ ఏడాది సొమ్ము ఉందా?

అల్లుడు: ఆరు నెలలకి ఉంది.

మామ: సరే, అది అలా ఉంచుదాం. అసలు మిగులు ఉందని ఎలా తెలుసు? ఎన్ని పందేలు రాశావు?

అల్లుడు: వెయ్యి దాటాయి. మూడు శాతం మిగులు.

మామ: నీ ఊపుని ఆ వెయ్యికి సర్దితే లెక్క తప్పే మేర కూడా అటూ ఇటూ మూడు శాతమే. మిగులు సున్నా అయినవాడు వెయ్యి కాసినా, ఆరేడుగురిలో ఒకడికి నీలాంటి పుస్తకమే తయారవుతుంది. ఆ ఒకడు ఉద్యోగం మానేద్దామనుకుంటాడు. తక్కిన అయిదారుగురు ఎవర్నీ సలహా అడగరు.

అల్లుడు: మీరు ఇలా అంటారని తెలుసు, మామయ్యా. అందుకే నేను గెలుపోటములు చూడను. ఇది చూడండి. ఈ వరసలో నేను కాసినప్పటి రేటు, పక్క వరసలో మ్యాచ్ మొదలయ్యే క్షణాన ఉన్న రేటు. ఆట మొదలయ్యేసరికి జట్టులో ఎవరున్నారు, గాయాలు, వాన, పెద్ద సొమ్ము ఎటు కాసింది, అన్నీ రేటులోకి వచ్చేస్తాయి. కాబట్టి ఆ ముగింపు రేటే నిజానికి దగ్గర. మంగళవారం రెండో డివిజన్ మ్యాచ్, పొద్దున 2.04కి కాశాను, సాయంత్రానికి అది 1.93. తొంభై నాలుగో నిమిషంలో గోల్ పడి నేను ఓడాను. అయినా పందెం మంచిదే. మార్కెట్ నా దారికి వచ్చింది. ఇలా పదింట ఏడుసార్లు వస్తోంది. గోల్ పడటం అదృష్టం కావచ్చు, రేటు నా వెనక నడవడం వెయ్యిసార్లు అదృష్టం కాదు.

మామ: ఇది నాకు తెలియని విషయం. బాగుంది. గెలుపుని పక్కన పెట్టి కొన్న ధర సరైనదా అని చూడటం... మా భాషలో చెప్పాలంటే సరుకు అమ్ముడు పోకముందే కొనుగోలు సరిగా జరిగిందో లేదో తేల్చడం. నీ దగ్గర విద్య ఉందని ఒప్పుకుంటాను. ఇప్పుడు చెప్పు, ఈ రెండు వరసలూ నీ దగ్గర ఒక్కడి దగ్గరే ఉన్నాయా?

అల్లుడు: అంటే?

మామ: బుకీ దగ్గర లేవా?

అల్లుడు: ఉన్నాయి.

మామ: ఉంటే ఏం చేస్తాడు?

అల్లుడు: లిమిట్ చేస్తాడు. మూడు చోట్ల అయింది. మొన్న రెండు వందలు అని కొట్టి బటన్ నొక్కితే, ఎర్రక్షరాల్లో వచ్చింది: మీరు కాయగల గరిష్ఠ మొత్తం 1.84 పౌండ్లు. కారణం అడిగితే అది వ్యాపార నిర్ణయమని రెండు వాక్యాల ఈమెయిలు. అదే వారం, ఓడుతూ ఉండే మా ఆఫీసు కుర్రాడికి వాళ్లే ఉచితంగా యాభై పౌండ్ల పందెం పంపించారు.

మామ: చూశావా, నీకు విద్య ఉందని తేల్చే కాగితమే నీ ఖాతా మూసే కాగితం. ఎంత బాగా ఆడితే అంత తొందరగా తలుపు వేస్తారు. మిర్చి బాగా పండించావని గుంటూరు యార్డులో ఎవరూ గేటు మూయరు.

అల్లుడు: గేటు మూయరు, ధర పడగొడతారు. బాగా పండిన ఏడు రైతు బాగుపడ్డట్టు మీరెప్పుడైనా చూశారా? కౌలు కట్టి, పురుగుమందు అరువు తెచ్చి, క్వింటాలు ఎంత పలుకుతుందో తెలీకుండా ఏడాదంతా పొలంలో పెట్టేవాణ్ణి మీరు జూదగాడనరు. నేను కనీసం రేటు చూశాకే డబ్బు పెడతాను.

మామ: ఆ దెబ్బ తగిలింది. కాదనను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. మూసేసిన గేట్లని ఏం చేస్తావు? స్నేహితుల పేర్ల మీద ఖాతాలు తెరుస్తావా?

అల్లుడు: చాలామంది చేస్తారు. ఇంట్లో ఉండే కుర్రాళ్లు, బావమరుదులు...

మామ: దాన్ని మన దగ్గర బినామీ అంటారు.

అల్లుడు: నేను చేయను. వాళ్ల షరతులకి విరుద్ధం. పట్టుకుంటే ఖాతాలో సొమ్ము ఆపేస్తారు, పేరు ఇచ్చినవాడూ ఇరుక్కుంటాడు. నేను ఎక్స్ఛేంజికి పోతాను. బెట్‌ఫెయిర్ లాంటి చోట బుకీ ఉండడు, ఎదుటివాడూ నాలాంటి పందెగాడే. సంస్థ నడిమిన కమిషన్ తీసుకుంటుంది కాబట్టి గెలిచేవాణ్ణి తరిమే అవసరం దానికి లేదు.

మామ: గెలిచేవాడి మీద 2008లో అది అదనపు రుసుము మొదలుపెట్టిందని చదివాను. మూడేళ్లకి పెద్ద గెలుపుగాళ్లకి దాన్ని లాభంలో అరవై శాతం దాకా పెంచారట.

అల్లుడు: ఆ పెంపు లక్షల పౌండ్లు గెలిచినవాళ్లకి. ఆ బాధ నాకు రావాలని కోరుకుందాం. ఎక్స్ఛేంజితో నా ఇబ్బంది వేరు. ప్రీమియర్ లీగ్ మ్యాచ్ మీద ఎంత కాసినా తీసుకునేవాళ్లు ఉంటారు, కాని అక్కడ రేటు గీసినట్టు సరిగ్గా ఉంటుంది, నాకు మిగలదు. నాకు మిగిలేది చిన్న లీగుల్లో. అక్కడ ఎదురు కాసేవాడే ఉండడు. మిగులున్నచోట లోతు లేదు, లోతున్నచోట మిగులు లేదు. ఇది నిజంగా నా సమస్య, దాచను.

మామ: నేను వెతుకుతున్న మాట నువ్వే అన్నావు.

అల్లుడు: కాని దాటినవాళ్లు ఉన్నారు. టోనీ బ్లూమ్ పందేల మీద సంపాదించి బ్రైటన్ క్లబ్బు చైర్మనయ్యాడు. ఆయన దగ్గర పనిచేసిన మాథ్యూ బెన్‌హామ్ బ్రెంట్‌ఫర్డ్ కొన్నాడు, 2021లో దాన్ని ప్రీమియర్ లీగ్‌కి తెచ్చాడు. బిల్ బెంటర్ హాంగ్‌కాంగ్ గుర్రాల మీద కంప్యూటర్‌తో లెక్కగట్టి గెలిచాడు, తను చేసినదేమిటో 1994లో వ్యాసంగా రాశాడు కూడా.

మామ: అందులో బెంటర్ సంగతి చూడు. హాంగ్‌కాంగ్‌లో బుకీ లేడు. అందరి సొమ్మూ ఒక కుండలో పోసి, క్లబ్బు తన వాటా తీసుకుని మిగిలింది గెలిచినవాళ్లకి పంచుతుంది. ఎవరు గెలిచినా క్లబ్బుకి ఒకటే గనక ఆయన్ని చిన్న పందేలకి కుదించలేదు. కుండ పెద్దది గనక లోతూ దొరికింది. అంతటివాడికి కూడా మొదటి రోజుల్లో మదుపు పోయి కొత్త సొమ్ము వెతుక్కోవలసి వచ్చింది. తక్కిన ఇద్దరివీ కంపెనీలు. గణితం చదివినవాళ్లు జీతానికి పనిచేస్తారు. వాళ్లు పందేల మీద బతికారనడం కంటే, పందేల చుట్టూ ఒక కార్ఖానా కట్టారనడం నయం. నువ్వు ఒక్కడివి, పడగ్గదిలో రెండు తెరలు.

అల్లుడు: నేను క్లబ్బు కొంటాననలేదు. నెలకి రెండు వేలు అడుగుతున్నాను. దిగువ మెట్టు మీద నిలబడ్డవాళ్లు పేర్లు చెప్పుకోరు కాబట్టి కనపడరు, అంతే. ఇంకో మాట. మీ తమ్ముడు ఆప్షన్స్ ఆడతాడు. 2024 సెప్టెంబరులో షేర్ మార్కెట్లని చూసే సెబీ లెక్క బయటపెట్టింది: మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో నూటికి తొంభై ముగ్గురు నష్టపోయారు, మొత్తం లక్షా ఎనభై వేల కోట్ల పైన. అయినా పెళ్లిళ్లలో ఆయన్ని ట్రేడింగ్ చేస్తాడని పరిచయం చేస్తారు. నా ఫోనులో ఫుట్‌బాల్ రేటు కనపడితే అమ్మ దేవుడి గదిలోకి వెళ్లిపోతుంది.

మామ: ఆ తేడా పరువుది, లెక్కది కాదు. వాడిదీ బతుకుతెరువని నేను ఎప్పుడూ అనలేదు. అనకూడదని వాడి భార్యకి కూడా చెప్పాను, అది వేరే గొడవ.

అల్లుడు: పోనీ జీతం సంగతి? పదకొండేళ్లుగా నా మదుపంతా, అంటే నా టైమంతా, ఒక్క కంపెనీ మీద కాశాను. కిందటేడు మా టీములో సగం మందిని ఒక్క మధ్యాహ్నం కాల్‌లో తీసేశారు. కెల్లీ వింటే ఎవడైనా ఒక్క పందెం మీద అంతా పెడతాడా అని నవ్వేవాడు.

మామ: ఇది బాగా అన్నావు. జీతం భద్రమని నేను వాదించను. కాని ఒక్క తేడా ఉంది. ఉద్యోగం పోయిన రోజున నీ పాత జీతాలు తిరిగి లాక్కోరు. పందెంలో పోయేది నిన్నటిదాకా సంపాదించింది.

అల్లుడు: దానికి నా దగ్గర జవాబు లేదు.

మామ: జవాబు లేదు గనక నీ వైపు సాక్ష్యం ఒకటి నేనే ఇస్తాను. మలక్‌పేట రేసుకోర్సులో ఒకాయన ఉండేవాడు. ప్యాడక్‌లో గుర్రాలని తిప్పుతుంటే కంచె పట్టుకుని చూసేవాడు. మెడ దగ్గర చెమట పట్టిందా, చెవులు ఎటు పెట్టింది, అడుగు ఎలా వేస్తోంది... చిన్న నోటుబుక్కులో పొట్టి పెన్సిలుతో ఒక గీత. ఏడెనిమిది రేసులుంటే ఒకటి కాసేవాడు, రెండు కాసేవాడు. చాలాసార్లు అసలు కాయకుండా ఇరానీ చాయ్ తాగి ఇంటికి వెళ్లిపోయేవాడు. ఆయన పద్దులు నేనే చూశాను. గెలిచేవాడు, ఏళ్ల తరబడి. అయితే ఇంటిఖర్చు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు పోర్షన్ల అద్దెలోంచి నడిచేది. రేసు సొమ్ము ఒక ఏడు కూతురికి బంగారమైంది, ఇంకో ఏడు ఏమీ కాలేదు.

అల్లుడు: ఇంకేం, నా కేసు మీరే గెలిపించారు. ఆడేవాడికి విద్య ఉండాలి, కింద ఒక ఆధారం ఉండాలి.

మామ: ఆ అద్దె రాకపోతే అన్నిసార్లు చాయ్ తాగి వెళ్లిపోగలిగేవాడా అన్నది నా అనుమానం. ఆయన విద్యలో సగం, కాయకుండా ఉండగలగడం. ఇరవై ఆరో తారీఖు వచ్చి, ఇంకా ఎనిమిది వందలు తక్కువపడితే, ఆ రోజు లిస్టులో మిగులున్న మ్యాచ్ ఒక్కటీ లేకపోతే, నువ్వు తెర ఆపేసి బయటికి నడుస్తావా? కుర్రాళ్లు చెడేది అక్కడే. అప్పుల్లో పడి, యాప్‌ల చేతిలో ప్రాణాలే తీసుకున్న పిల్లల వార్తలు ఇక్కడ ఎన్ని చదివామో నీకు తెలుసు. వాళ్లూ నీలాంటివాళ్లని అనటం లేదు. వాళ్లకి పుస్తకం లేదు, సూత్రం లేదు. కాని అవసరం అనేది పుస్తకం ఉన్నవాడి చేత కూడా పుస్తకం మూయిస్తుంది.

అల్లుడు: అలాంటి రోజులు నాకూ వచ్చాయి. ఒకసారి వరసగా పది ఓడాను. నా లెక్కలో నాలుగు వేల పందేలకి ఒకసారి అది రావలసిందే, వస్తుందని ముందే తెలుసు. తెలిసినా ఆ రాత్రి పదకొండో పందెం దగ్గర చెయ్యి వణికింది. కాసింది మాత్రం ఒక్క శాతమే. ఉద్యోగం ఉంది గనక అలా కాశానంటారా?

మామ: అదే అంటాను.

అల్లుడు: కావచ్చు. ఒకవేళ ఇక్కడ కుదరకపోతే ఇండియా వచ్చి కొనసాగిస్తే? గుర్రప్పందేలు నేర్పుతో కూడిన ఆటని 1996లో సుప్రీంకోర్టే అంది కదా, మద్రాసు కేసులో. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద వచ్చిన రమ్మీ కేసులో 1967లోనే నేర్పు మాట వచ్చింది.

మామ: నేర్పుకి కోర్టు దండ వేసింది, పన్నుల శాఖ వేయలేదు. ఇక్కడ గెలిచిన ప్రతి పందెం మీదా 30 శాతం, ఓడినవాటిని అందులో తీసెయ్యడానికి వీల్లేదు. నీ రేట్లకే లెక్కకట్టు: పెట్టిన వందకి మూడు మిగిలే చోట, పన్ను కింద పదిహేను పోతుంది. పైన జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి 40. ఆన్‌లైన్ అంటావా, తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో తలుపు వేశాయి, 2025లో కేంద్రమే చట్టం చేసింది. బావగారి పొలం అమ్మి నీ మదుపుకి పంపిద్దామన్నా ఫెమా రూల్సు అడ్డం. ఫుట్‌బాల్ పూల్స్ కోసం విదేశానికి సొమ్ము పంపకూడదని పేరు పెట్టి మరీ రాసి ఉంది.

అల్లుడు: నాన్న పొలం ఊసు నేను ఎత్తలేదు, మామయ్యా.

మామ: ఎత్తకముందే చెప్పాను. సరే, మీ ఆవిడ ఏమంటోంది?

అల్లుడు: తను నర్సు, జీతం స్థిరం. అద్దె తను చూసుకుంటానంది. ఏడాది చూడమంది.

మామ: అయితే రెండు వేలు కాదు నువ్వు మదుపులోంచి తీయాల్సింది.

అల్లుడు: ఎనిమిది వందలు చాలు.

మామ: ఎనిమిది వందలైతే నా లెక్క మారుతుంది. చాలా మారుతుంది. ఒక చెడ్డ నెల వచ్చినా మదుపు కోలుకుంటుంది. కాని అప్పుడు ఇంటిని పోషిస్తున్నది ఆ పిల్ల. నువ్వు పందేల మీద బతుకుతున్నాననకూడదు, ఆవిడ రాత్రి డ్యూటీల మీద ఆడుతున్నాననాలి.

అల్లుడు: కథలు రాసుకునేవాడి భార్య టీచరుగా చేస్తే అలా అంటారా? కంపెనీ పెట్టినవాడు రెండేళ్లు భార్య జీతం మీద ఉంటే మీరే పత్రికలో కత్తిరించి నాకు పంపించారు.

మామ: పంపించాను. ఆ మాట నీకు బాకీ. అయినా ఒకటి అడుగుతాను. ఉద్యోగం మానకుండా, సాయంత్రాలు కాస్తూ నాలుగు వేల పందేలు నింపు. అప్పటికీ ఆ రెండో వరస నీ వెనకే నడుస్తుంటే, అప్పుడు నోటీసు ఇవ్వు. నేనే వచ్చి టైపు చేస్తాను.

అల్లుడు: అది పరీక్ష కాదు, మామయ్యా. చిన్న లీగుల రేట్లు పొద్దున వస్తాయి, వచ్చిన గంటలోనే తప్పులు దొరుకుతాయి. నేనప్పుడు స్టాండప్ మీటింగులో ఉంటాను. జట్లు ప్రకటించేది ఆటకి గంట ముందు, అప్పుడు రైల్లో ఉంటాను. సాయంత్రానికి మిగిలేది నలుగురు ఏరుకున్నాక మిగిలిన గింజలు. దాంతో నాలుగు వేలు నింపితే నాకు మిగులు లేదని తేలుతుంది, అది నిజం కాకపోయినా.

మామ: ఉద్యోగంలో ఉండగా కనపడని మిగులు, మానేశాక కనపడుతుందని నమ్మడానికి ఇప్పుడు నీ చేతిలో ఏముంది?

అల్లుడు: శని ఆదివారాల వరస ఉంది. సెలవు పెట్టిన రోజుల వరస ఉంది. ఆ రెండింటిలో మిగులు అయిదు దాకా ఉంది.

మామ: ఎన్ని పందేలు?

అల్లుడు: మూడు వందలు కూడా లేవు.

మామ: మూడు వందలతో అయిదుకీ సున్నాకీ తేడా తెలీదని ఇందాకటి లెక్కే చెబుతుంది.

అల్లుడు: తెలియాలంటే ఇంకా కావాలి. అవి పనిరోజుల్లో ఉన్నాయి.